2013 మస్టాంగ్ జీటీ: వెనక యాక్సిళ్లు ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. 2013 ఫోర్డు మస్టాంగ్ జీటీ కారు, 5.0 ఇంజన్, మాన్యువల్ గేరు, తొంభై వేల మైళ్లు తిరిగింది. నలభై మైళ్ల వేగం దాటితే కుడివైపు వెనక చక్రం దగ్గర గరగరమని మోత. ఆ చక్రం లోపలి వైపు నూనె తడి. షాపులో రెండువైపులా యాక్సిళ్లు (వెనక చక్రాలను తిప్పే షాఫ్టులు), బేరింగులు మార్చాలని పద్నాలుగు వందల డాలర్లు చెప్పారు. ఇంట్లో జాకీ, స్టాండ్లు, సాకెట్ సెట్టు ఉన్నాయి. "అన్నా, నేనే చేసుకోగలనా?"

చేసుకోగలరు తమ్ముడూ. బ్రేకులు విప్పి మళ్లీ బిగించిన అలవాటు ఉంటే చాలు. శనివారం పొద్దున్నే మొదలుపెట్టి ఆదివారం సాయంత్రానికి అవుతుందనుకోండి. సోమవారం ఆఫీసుకు వెళ్లడానికి మాత్రం ఇంకో బండి చూసి పెట్టుకోండి. యాక్సిల్ బయటకు లాగడం ఇందులో అన్నిటికన్నా తేలిక పని. కష్టమంతా రెండు చోట్ల ఉంది. డిఫరెన్షియల్ (రెండు యాక్సిళ్ల నడుమ ఉండే పళ్లచక్రాల డబ్బా) లోపల ఒక చిన్న బోల్టు, బేరింగ్ కింద షాఫ్టు ఒంటి మీద ఉండే నునుపు. నేను ఎక్కువగా ఆ రెండింటి గురించే చెప్తాను, మిగతాది ఏ వీడియోలో చూసినా అర్థమవుతుంది.

మా మేనమామకు విజయవాడ ఆటోనగర్‌లో లారీ షెడ్డు ఉండేది. సెలవులకు వెళ్తే అక్కడే కూర్చునేవాడిని. లారీ వెనక హబ్బు మధ్యలో బోల్టులు విప్పి, షాఫ్టును నిలువెత్తు కడ్డీలా బయటకు లాగేసేవాళ్లు. చక్రం విప్పేవాళ్లు కాదు, జాకీ కూడా పెట్టేవాళ్లు కాదు. లారీ బరువు మోసేది హౌసింగూ (షాఫ్టు చుట్టూ ఉండే ఇనుప తొడుగు) హబ్బూ, షాఫ్టు పని తిప్పడం వరకే. ఆ ధైర్యంతోనే నేను అమెరికా వచ్చాక మొదటి మస్టాంగ్ కింద దూరాను. ఇక్కడ ఆ లెక్క కుదరదు. ఈ బండిలో షాఫ్టే తిప్పుతుంది, షాఫ్టే బరువూ మోస్తుంది. చక్రం నేరుగా షాఫ్టు చివర పళ్లెంలా ఉండే ఫ్లాంజికి బిగించి ఉంటుంది. ఆ షాఫ్టు బయటకు జారిపోకుండా పట్టుకునేది లోపలి చివర గాడిలో కూర్చునే సీ క్లిప్ ఒక్కటే. ఎడ్లబండి ఇరుసు చివర కడశీల ఉంటుంది కదా, ఇదీ అదే. కాకపోతే బయట కంటికి కనిపించాల్సింది డిఫరెన్షియల్ నడుమ దాక్కుని ఉంటుంది. కడశీల ఊడితే బండికి ఏమవుతుందో దీనికీ అదే. అందుకే బయట రెండు బోల్టులు విప్పితే సరిపోదు, వెనక మూత తీసి లోపలికి చేతులు పెట్టాల్సిందే.

ఇదంతా ఫోర్డు 8.8 యాక్సిల్ గురించి. డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్లచక్రం, అంటే క్రౌన్ వీల్, వ్యాసం 8.8 అంగుళాలు కాబట్టి ఆ పేరు. 1986 నుంచి 2014 దాకా మస్టాంగ్ జీటీలకు ఇదే. 2015 నుంచి వెనక సస్పెన్షనే మారిపోయింది, ఒక్కో చక్రానికి విడిగా సీవీ జాయింట్లతో హాఫ్ షాఫ్టులు వచ్చాయి. ఆ బండి ఉన్నవాళ్లు ఇది చదివి మూత విప్పకండి.

విప్పే ముందు మోత దేనిదో తేల్చుకోండి. యాక్సిలరేటర్ తొక్కితే ఒక రకంగా, వదిలేస్తే ఇంకో రకంగా కూత పెడుతుంటే అది క్రౌన్, దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం పీనియన్, వీటి సంగతి. అది ఇంట్లో చేసే పని కాదు. తొక్కినా వదిలినా తేడా లేకుండా, వేగంతో పాటే పెరిగే గరగర అయితే చాలావరకు చక్రం బేరింగే. టైరు అరిగి గుంతలు పడ్డా ఇలాంటి మోతే వస్తుంది, కాబట్టి మొదట వెనక రెండు టైర్లు అటూ ఇటూ మార్చి చూడండి. మీకు నూనె కూడా కారుతోంది కాబట్టి బేరింగ్ అనే నా అనుమానం. ఇంకొక్కటి చూడండి. షాఫ్టు చుట్టూ ఉండే యాక్సిల్ ట్యూబు పైన గాలి పోయే చిన్న వెంట్ ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే, లోపల వేడికి ఒత్తిడి పెరిగి నూనె సీలులోంచి (నూనె కారకుండా ఆపే రింగు) బయటకు తోసుకొస్తుంది. కొత్త సీలు వేసిన నెలకే మళ్లీ కారిందని మొత్తుకునేవాళ్లలో కొందరి రోగం ఇదే. ఊది చూడండి, గాలి పోకపోతే మార్చేయండి.

సామాన్ల విషయం. రెండువైపులకూ బేరింగులు, సీళ్లు, ఒక కొత్త లాక్ బోల్టు (పైన చెప్పిన చిన్న బోల్టు), మూత అంచుకు నూనె కారకుండా పూసే ఆర్‌టీవీ సిలికాన్, మూడు క్వార్ట్‌ల గేర్ ఆయిల్, నాలుగు ఔన్సుల ఫ్రిక్షన్ మాడిఫయర్ (డిఫరెన్షియల్ క్లచ్ పలకల కోసం నూనెలో కలిపేది) సీసా. కుడివైపు బ్రేకు ప్యాడ్లకు నూనె తగిలి ఉంటే అవి కడిగినా బాగుపడవు, వెనక సెట్టు మొత్తం కొత్తది వేయండి. బేరింగ్ లాగే స్లైడ్ హామర్ కొనక్కర్లేదు. పెద్ద ఆటో పార్ట్స్ దుకాణాలు డిపాజిట్ కట్టించుకుని ఇస్తాయి, తిరిగి ఇచ్చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది. యాక్సిళ్లు మాత్రం ఇప్పుడే ఆర్డర్ పెట్టకండి. పాతవి బయటకు తీసి చూశాక తేలుతుంది. ఎందుకో కింద చెప్తాను.

బండి లేపే దగ్గర తొందరపడొద్దు. ఈ పనిలో వెనక రెండు చక్రాలూ గాల్లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు వదిలేయాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. లోపలి బోల్టు మీ ఎదుటికి రావాలంటే డ్రైవ్ షాఫ్టును (గేర్ బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు వచ్చే పొడవాటి కడ్డీ) చేత్తో తిప్పాలి మరి. అంటే బండిని ఆపి ఉంచేది ముందు చక్రాల దగ్గర పెట్టిన దిమ్మెలే. రెండు చక్రాలకూ, రెండు పక్కలా దిమ్మెలు పెట్టండి. స్టాండ్లు యాక్సిల్ ట్యూబుల కింద, చక్రాలకు దగ్గరగా పెట్టి, బండిని గట్టిగా ఊపి చూడండి. కదిలితే దించి మళ్లీ పెట్టండి. కింద పడుకోబోయేది మీరే.

కాలిపర్లు (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కేవి) విప్పి తీగతో స్ప్రింగుకు వేలాడదీయండి, బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వకండి. డిస్కులు తీయండి. ఏబీఎస్ సెన్సార్లు ఒక్కో బోల్టుతో ఉంటాయి, యాక్సిల్ లాగకముందే అవి బయటకు రావాలి. సెన్సార్ చదివే పళ్ల రింగు షాఫ్టు మీదే ఉంటుంది, సెన్సార్‌కు తగిలితే రెండూ పాడే.

మూతకు పది బోల్టులు. పైన రెండు వదులు చేసి అలాగే ఉంచి, మిగతావి తీసేసి, కింది అంచును మెల్లగా విడదీయండి. పాత గేర్ ఆయిల్ వాసన ఒకసారి తగిలితే జన్మలో మర్చిపోరు. కుళ్లిన వెల్లుల్లిలా ఉంటుంది. ఆ బట్టలు ఇంట్లో వాషింగ్ మెషీన్‌లో వేస్తే ఆ తర్వాత జరిగేదానికి నేను బాధ్యుణ్ని కాను. నూనెలో బూడిదరంగు బురదలా ఉంటే భయపడకండి, అది మామూలు అరుగుదల. గోరుకు తగిలేంత ఇనుప ముక్కలు కనిపిస్తే మాత్రం అక్కడే ఆగి ఫోటోలు తీయండి.

ఇప్పుడు అసలు సంగతి. డిఫరెన్షియల్ మధ్యలో చిన్న పళ్లచక్రాలను మోస్తూ లావుపాటి ఒక పిన్ను అడ్డంగా ఉంటుంది. అది జారిపోకుండా పక్కనుంచి ఒక సన్న బోల్టు దాన్ని పట్టుకుని ఉంటుంది. అదే లాక్ బోల్టు. ఫ్యాక్టరీలో దానికి గట్టి థ్రెడ్ లాకర్ (మరలు వదులు కాకుండా పట్టుకునే జిగురు) రాసి బిగిస్తారు. ఏళ్ల తరబడి వేడికి అది రాయిలా పట్టేసి ఉంటుంది. నేను మొదటిసారి 1998 జీటీ మీద చేసినప్పుడు శనివారం రాత్రి పదకొండు. అలసిపోయి ఉన్నాను, చేతికి దొరికిన పన్నెండు మూలల 8 మి.మీ. పానా పెట్టి లాగాను. 'టిక్' అని చిన్న చప్పుడు. బోల్టు తిరిగిందనుకుని సంబరపడ్డాను. టార్చ్ వేసి చూస్తే తిరిగింది బోల్టు కాదు, పానా. తల గుండ్రంగా, గోలీలా మెరుస్తోంది. దాన్ని బయటకు తీయడానికి ఇంకో రెండు రోజులు పట్టింది, మూడు డ్రిల్ బిట్లు విరిగాయి.

కాబట్టి ఇలా చేయండి. బోల్టు తల మీకు నేరుగా ఎదురొచ్చేదాకా డ్రైవ్ షాఫ్టును తిప్పండి. తల చుట్టూ నూనె తుడిచి, కరెంటు సోల్డరింగ్ ఐరన్ మొన దాని మీద ఆనించి పది నిమిషాలు పట్టుకోండి. ఆ వేడికి లాకర్ మెత్తబడుతుంది. గ్యాస్ టార్చ్ జోలికి పోవద్దు, చుట్టూ నూనె ఉంది. ఇంకో ముఖ్యమైన మాట. క్లోరిన్ ఉండే బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట వేడి పెడితే విషవాయువు వస్తుంది. వేడి పెట్టే పని అయ్యేదాకా ఆ డబ్బా ముట్టుకోకండి. తర్వాత ఆరు మూలల సాకెట్ పెట్టండి. 8 మి.మీ. పడుతుంది, కానీ 5/16 అంగుళం సాకెట్ ఇంకాస్త బిగుతుగా కూర్చుంటుంది. తేడా వెంట్రుక మందం కూడా లేదు, ఆ కాస్తే తలను కాపాడుతుంది. కుదుపుగా లాగొద్దు. ఒత్తిడి మెల్లగా పెంచుతూ పోండి. వదులయ్యేటప్పుడు మెత్తగా సాగినట్టు అనిపిస్తుంది, ఆ తర్వాత తేలిగ్గా తిరుగుతుంది. తల గుండ్రం కావడం మొదలైందని ఏమాత్రం అనిపించినా ఆపి, బోల్టు ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ తెచ్చుకోండి. బోల్టు విరిగి లోపల ఉండిపోతే, ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్‌తో నడిమధ్యలో తొలచాలి. చెయ్యి స్థిరంగా ఉండదనుకుంటే ఆ ఒక్క పనికీ మొబైల్ మెకానిక్‌ను పిలవండి, అందులో నామోషీ ఏమీ లేదు.

బోల్టు వచ్చాక పిన్ను జారి చేతిలోకి వస్తుంది. ఇక అక్కణ్నుంచి డ్రైవ్ షాఫ్టును గానీ చక్రం ఫ్లాంజిని గానీ తిప్పకూడదు. తిప్పితే లోపలి చిన్న పళ్లచక్రాలు దొర్లి డిఫరెన్షియల్ పక్కనున్న ఖాళీలోంచి కింద పడతాయి. మా పెద్దమ్మాయికి అప్పుడు ఆరేళ్లు. నేను సీ క్లిప్ కోసం అయస్కాంతం వెతుక్కుంటుంటే, అది వచ్చి ఫ్లాంజి పట్టుకుని "నాన్నా, ఇది తిరుగుతోంది" అంటూ అరచుట్టు తిప్పింది. పడ్డవాటిని మళ్లీ ఎదురెదురుగా ఒకేసారి పళ్లలో కూర్చోబెట్టి లోపలికి దొర్లించేసరికి మధ్యాహ్నం గడిచిపోయింది. అప్పట్నుంచి పిన్ను తీయగానే రెండు ఫ్లాంజిలకూ టేపు అంటించి "తిప్పొద్దు" అని రాస్తాను.

ఫ్లాంజిని చేత్తో లోపలికి నెట్టండి. షాఫ్టు కాస్త లోపలికి జరిగి సీ క్లిప్ గాడిలోంచి బయటపడుతుంది, అయస్కాంతంతో అందుకోండి. కుడిది, ఎడమది కలిపేయకుండా విడివిడిగా పెట్టండి. ఇక షాఫ్టు లాగితే వచ్చేస్తుంది. చివర బరువు మీద పడుతుంది, రెండు చేతులూ వాడండి.

ఇప్పుడు షాఫ్టును వెలుతురులో పెట్టి చూడండి. 8.8లో చక్రం బేరింగ్‌కు లోపలి వలయం ఉండదు. రోలర్లు నేరుగా షాఫ్టు ఒంటి మీదే దొర్లుతాయి. అంటే బేరింగ్‌లో సగభాగం షాఫ్టే. చాలామంది ఇంట్లో చేసుకుని దెబ్బతినేది ఇక్కడే. బేరింగ్ పాడైతే షాఫ్టూ అరుగుతుంది. కొత్త బేరింగ్ తెచ్చి గీతలు పడ్డ షాఫ్టు మీద దొర్లిస్తే కొత్తదీ పాడవుతుంది, సీలు కారుతుంది, ఆర్నెల్లకు మళ్లీ అదే మోత. రోలర్లు తిరిగిన చోట రంగు కాస్త మారి మెరుస్తుంటే పర్వాలేదు. గోరుతో అడ్డంగా గీకండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే, చిన్న చిన్న గుంతలు కనిపిస్తే, పొరలుగా లేస్తుంటే ఆ షాఫ్టు పని అయిపోయినట్టే. ఎమరీ పేపరుతో రుద్దితే సరిపోతుందనే మాట వినకండి. గట్టిపరిచిన పొర పైపైనే ఉంటుంది, అది పోతే లోపల మెత్తని ఇనుము.

ఇలాంటి షాఫ్టుల కోసం రోలర్లు కాస్త పక్కకు, అరగని చోట తిరిగేలా చేసిన రిపేర్ బేరింగులు అమ్ముతారు. ముసలి పికప్ ట్రక్కుకు వేసుకోవచ్చు, తప్పు లేదు. 420 గుర్రాల బండికి, అదీ సిగ్నల్ దగ్గర కాస్త గట్టిగా తొక్కే అలవాటున్న మనిషికి నేనైతే వేయను.

మీ వర్ణన బట్టి కుడివైపు షాఫ్టు పోయి ఉంటుంది, ఎడమది బాగుండొచ్చు. బాగుంటే ఎడమది అలాగే ఉంచి బేరింగ్, సీలు మాత్రం మార్చండి. షాపువాళ్లు రెండూ మార్చాలనడం మోసమేమీ కాదు, తిరిగి వస్తే వాళ్లకు తలనొప్పి కదా. మీ చేతి పనికి మళ్లీ కూలి లేదు కాబట్టి మీరు చూసి నిర్ణయించుకోవచ్చు.

ఏ యాక్సిల్ కొనాలి? మీ బండికి కంపెనీ ఇచ్చిందే 31 స్ప్లైన్ల (షాఫ్టు లోపలి చివర ఉండే పళ్లు) షాఫ్టు. పాత 1998 జీటీలకు 28 స్ప్లైన్లే. రోడ్డు టైర్లతో, ఇంజన్‌కు ఏమీ తగిలించకుండా నడుపుకునేవాళ్లకు మళ్లీ కంపెనీదే చాలు. సూపర్‌ఛార్జర్, డ్రాగ్ టైర్లు మనసులో ఉంటే స్ట్రేంజ్, మోజర్ లాంటి యాక్సిల్ తయారీ కంపెనీల 31 స్ప్లైన్ షాఫ్టులు జతగా వేయండి. 35 స్ప్లైన్లకు వెళ్తే డిఫరెన్షియల్ కూడా మార్చాలి, ఖర్చు ఎక్కడికో వెళ్తుంది. పావు మైలు 10.99 సెకన్లు, అంతకన్నా తక్కువలో పరిగెత్తించేవాళ్లకు అమెరికా డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల ప్రకారం బయటి తయారీ షాఫ్టులు, వాటిని చక్రం వైపు నుంచి పట్టుకునే ఏర్పాటు తప్పనిసరి. సీ క్లిప్ దగ్గర షాఫ్టు విరిగితే చక్రాన్ని పట్టుకునేది ఇంకేమీ ఉండదు మరి. మీకిప్పుడు ఆ అవసరం లేదు. ఏది కొన్నా ఏబీఎస్ రింగు ఎక్కించి ఉందో లేదో అడగండి. వచ్చాక పాతదాని పక్కన పడుకోబెట్టి పొడవు, స్ప్లైన్లు, ఫ్లాంజి, రింగు స్థానం సరిపోల్చండి. పెట్టె మీద రాసింది నమ్మి ఎక్కించి, డాష్‌బోర్డు మీద ఏబీఎస్ దీపం వెలిగాక మళ్లీ విప్పినవాళ్లు నాకు తెలుసు.

పాత సీలు, బేరింగ్ స్లైడ్ హామర్‌తో లాగేయండి. ట్యూబు లోపల గుడ్డ పెట్టి తుడవండి, అక్కడ ఇనుప పొడి మిగిలితే కొత్త బేరింగ్‌లోకే వెళ్తుంది. కొత్త బేరింగ్‌కు గేర్ ఆయిల్ పట్టించి, అంకెలున్న వైపు మీకు కనిపించేలా, వలయం మొత్తానికి ఒకేలా దెబ్బ తగిలే డ్రైవర్‌తో కొట్టండి. అడుగున ఆనగానే సుత్తి శబ్దం మారుతుంది, బోలు మోత పోయి గట్టిగా మోగుతుంది. అక్కడ ఆపండి. సీలు అంచు లోపల కాస్త గ్రీజు రాసి, నిటారుగా, ట్యూబు అంచుకు సమంగా కూర్చోబెట్టండి.

షాఫ్టు లోపలికి పెట్టేటప్పుడు స్ప్లైన్లు సీలుకు రాసుకోకూడదు. ఒక చేత్తో ఫ్లాంజి, ఇంకో చేత్తో షాఫ్టు కింద ఎత్తి పట్టుకుని నెమ్మదిగా పోనివ్వండి. కొత్త సీలు చిరిగేది నూటికి తొంభైసార్లు ఇక్కడే. సీ క్లిప్ గాడిలో పెట్టి, ఫ్లాంజిని బయటకు లాగండి. క్లిప్ షాఫ్టు చివరి పళ్లచక్రం గుంతలో కూర్చుని ఇక కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. రెండువైపులా ఇలా కూర్చున్నాకే పిన్ను పెట్టాలి. పిన్ను రంధ్రం, బోల్టు రంధ్రం ఒకే గీతలో ఉన్నాయో లేదో టార్చ్ వేసి చూసి, కొత్త లాక్ బోల్టు వేయండి. పాతది తళతళలాడుతున్నా పారేయండి, కొన్ని డాలర్ల వస్తువు. బిగింపు 15 నుంచి 30 ఫుట్ పౌండ్ల మధ్య. నేను 22 దగ్గర ఆపుతాను. ఇక్కడ కండబలం చూపించకండి, సన్న బోల్టు అది.

మూత, హౌసింగు అంచులు పాత సిలికాన్ లేకుండా గీకి, నూనె జిడ్డు పోయేలా తుడవండి. సిలికాన్ గీత బోల్టు రంధ్రాల లోపలి వైపుగా, ఎక్కడా తెగకుండా వేయండి. బోల్టులు అడ్డదిడ్డంగా, అంటే ఎదురెదురుగా బిగిస్తూ 33 ఫుట్ పౌండ్లకు తీసుకురండి. సిలికాన్ ట్యూబు మీద రాసి ఉన్నంతసేపు ఆరనివ్వండి. ముందు ఫ్రిక్షన్ మాడిఫయర్ పోసి, తర్వాత నూనె. నేను సింథటిక్ 75డబ్ల్యూ-140 వాడతాను, మీ బండి పుస్తకంలో ఏముందో కూడా ఒకసారి చూడండి. మూడు క్వార్ట్‌లూ పట్టవు. నూనె పోసే పక్క రంధ్రం కింది అంచు దాకా వచ్చాక ఆపండి. ఆ రంధ్రాన్ని మూసే ప్లగ్గుకు 3/8 అంగుళం రాచెట్ నేరుగా పడుతుంది. అన్నట్టు, పాత నూనె వంపకముందే ఈ ప్లగ్గు వదులవుతుందో లేదో చూసుకోండి. మూత మూసేశాక ప్లగ్గు పట్టేసిందని తెలిస్తే ఏడుపొస్తుంది.

చక్రం నట్లు 100 ఫుట్ పౌండ్లు. 2015 తర్వాతి బండ్లకు 150 చెప్తారు, పొరపాటున ఆ అంకె చూసి బిగించకండి, మీ స్టడ్లు సన్నవి.

బండి దించాక ముందు బ్రేకు పెడల్ రెండు మూడుసార్లు తొక్కి గట్టిపడనివ్వండి. తర్వాత ఖాళీ పార్కింగ్ స్థలం చూసుకుని, నెమ్మదిగా ఎనిమిది అంకె ఆకారంలో ఐదారు చుట్లు తిరగండి. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపే డిఫరెన్షియల్) క్లచ్ పలకల మధ్యకు మాడిఫయర్ చేరాలి. మొదట్లో మలుపుల్లో కొంచెం గుర్రుమన్నా చుట్లు తిరిగేకొద్దీ తగ్గుతుంది. ఇంటికొచ్చాక రెండు చక్రాల వెనకా, మూత కింది అంచునా తెల్ల కాగితం ఒత్తి చూడండి. వంద మైళ్లు తిరిగాక ఇంకోసారి ఒత్తండి, నట్లు కూడా అప్పుడే మళ్లీ బిగించండి.

కుడి షాఫ్టు బయటకు వచ్చాక రోలర్లు తిరిగిన చోట దగ్గరగా ఫోటో తీసి పంపండి, చూసి చెప్తాను. కొత్తది ఆర్డర్ పెట్టడం ఆ తర్వాతే.